యంత్రం చెడలేదు

మా ఇంటికి పట్టిన గతికి కారణం డాక్టర్ రోసాండా. ఇందులో వాదించడానికేమీ లేదు. నా కోడలి కడుపులో బిడ్డను తెర మీద చూసింది ఆమె. చూసిన సంగతి ఆ తల్లికి చెప్పకుండా, గదిలోంచి బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నడవాలో నిలబడ్డ నా కొడుకు బోష్కోకి చెప్పింది ఆమె. తక్కినవన్నీ దాని వెనకాలే వచ్చాయి.

గురువారం మధ్యాహ్నం రెండు దాటింది. మర్నాడు మా ఇంటి స్లావా, అంటే ఇంటిదేవుడి పండగ. మా వంశానికి దేవుడు సెయింట్ దిమిత్రి. ఆయన రోజున ఇంటిపెద్ద గడప దాటడు, వచ్చినవాడు తినకుండా పోడు. ఈసారి ఉపవాసపు శుక్రవారం పడింది కనక మాంసం లేదు. పెరట్లో తొట్టి నిండా కార్పు చేపలు తిరుగుతున్నాయి. వంటింట్లో పండక్కి వచ్చిన మా అక్క స్తానా స్లావా రొట్టెకి పిండి పిసుకుతోంది. కోడలు ఇసిదోరా బల్ల చివర కూర్చుని గోధుమల్లో మట్టిబెడ్డలు ఏరుతోంది. ఐదున్నర నెలల కడుపు బల్లకి తగలకుండా కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"నాన్నా, పొద్దున బెల్‌గ్రేడ్‌ ఆస్పత్రికి ఫోన్ చేసేశాను," అంది తలెత్తకుండా. "రేపు రావట్లేదని చెప్పా."

నేను గ్లాసులు తుడుస్తున్నాను. చేతిలోది అలాగే ఉండిపోయింది.

"ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలేదు. స్లావా రోజు ఇల్లొదిలి ఎవరు పోతారు? అత్తమ్మ పోయాక ఇది మూడోది. ఈ ఇంటి ఆడదాన్ని నేనొక్కదాన్నే. పట్నంలో స్కానింగ్ యంత్రం చెడిపోయిందనే కదా అక్కడికి పొమ్మన్నారు. బాగయ్యాక ఇక్కడే చూపించుకుంటా."

"మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారు?"

"డిసెంబరు పదకొండు."

"మంచి పని చేసింది పిల్ల," అంది స్తానా. "మా రోజుల్లో ఏ యంత్రం ఉంది? బయటికొచ్చాక చూసుకునేవాళ్ళం ఎలా ఉందో. ముక్కు మీ నాన్నదొచ్చిందా, చెవులు మీ తాతవొచ్చాయా అని. నువ్వు పుట్టినప్పుడైతే, వితో తమ్ముడూ, మంత్రసాని నిన్ను చూసి అటు తిరిగి నవ్వుకుంది."

ఇసిదోరా నవ్వింది. నవ్వు పెదాల దాకానే వచ్చింది.

యంత్రం చెడలేదు. చెడిందన్న మాట బోష్కో పుట్టించాడు, నేను సరే అన్నాను.

సోమవారం స్కానింగ్ నుంచి వచ్చి, ఇసిదోరాని ఇంట్లో దింపి, వాడు నన్ను వెతుక్కుంటూ ద్రాక్షతోటలోకి వచ్చాడు. బిడ్డ గుండెలోంచి నెత్తురు బయటికి పోయే చోట ఒక కవాటం సన్నబడిపోయిందట. రోజురోజుకీ మూసుకుపోతోందట. ఇప్పుడే పట్టుకుంటే, బిడ్డ కడుపులో ఉండగానే సన్నటి సూదితో దాన్ని తెరిచే డాక్టర్లు ఆస్ట్రియాలో ఉన్నారట. అక్కడికి పంపొచ్చో లేదో బెల్‌గ్రేడ్‌లో పిల్లల గుండె ప్రొఫెసర్ చూసి చెప్పాలి. పూర్తిగా మూసుకుపోయాక ఎవరి దగ్గరికి పోయినా చేసేదేమీ ఉండదు.

ప్రొఫెసర్ శుక్రవారం రమ్మన్నాడు. అది స్లావా అని బోష్కోకీ తెలుసు, నాకూ తెలుసు. బోష్కో పెళ్ళాన్ని తీసుకెళ్ళాలి, నేను ఇల్లు చూసుకోవాలి అనుకున్నాం. ఎందుకు వెళ్తోందో ఆ పిల్లకి మాత్రం చెప్పలేదు. భయం లేకుండా ప్రయాణం చేస్తుందనుకున్నాం.

భయం లేకపోతే ప్రయాణమే చెయ్యదన్నది మా ఇద్దరికీ తట్టలేదు.

నేను గ్లాసు కింద పెట్టి పెరట్లోకి నడిచాను.

*

బోష్కో చేపలు శుభ్రం చేస్తున్నాడు. మోచేతుల దాకా పొలుసులు. బస్సు డిపోలో మెకానిక్ వాడు. చేపని కూడా ఇంజను విప్పినట్టే విప్పుతాడు, ఏదీ పారేయకుండా వరసగా పెట్టుకుంటూ.

"నీ పెళ్ళాం రేపటి అపాయింట్‌మెంట్ వద్దని చెప్పేసింది."

కత్తి ఆగింది.

"ఎవరికి చెప్పింది?"

"ఆస్పత్రికి. మళ్ళీ డిసెంబరులోనట. యంత్రమేగా చెడింది, తొందరేముంది అంటోంది."

వాడు కత్తి పలక మీద పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. మళ్ళీ పెట్టాడు.

"నేను చేస్తాను ఫోన్," అన్నాడు. చొక్కా జేబులోంచి ఫోన్ రెండు వేళ్ళతో లాగాడు. మాట్లాడాడు. రెండు నిమిషాలు పట్టలేదు. "పేషెంటే వద్దంది కనక పేషెంటే అడగాలట. మొగుడడిగితే కుదరదట. నాలుగింటికి కౌంటర్ మూసేస్తారట."

"అయితే వెళ్ళి చెప్పు."

"ఏమని?"

"ఉన్నది ఉన్నట్టు."

"నువ్వు చెప్పు నాన్నా. నీ మాట వింటుంది. నేను నోరు తెరిస్తే ఏడ్చేస్తాను."

"ఏడువు. ఎవరొద్దన్నారు."

"నన్ను చూసి అది హడలిపోతే? ఇవాళే నొప్పులొస్తే? ఐదున్నర నెలల బిడ్డని ఏం చేసుకుంటాం?" గొంతు తగ్గించి వంటింటి కిటికీ వైపు చూశాడు. "ఆ డాక్టరే అంది. నువ్వు మగాడివి, ధైర్యంగా ఉండు, ఇంటికెళ్ళి నెమ్మదిగా చెప్పుకో, హడలగొట్టకు అని. వీపు తట్టింది."

"నెమ్మదిగా చెప్పుకోమంది. చెప్పొద్దనలేదుగా."

"నాకు నెమ్మదిగా అన్నదొక్కటే వినిపించింది."

"మూడు రోజులైంది. ఇంకెంత నెమ్మది?"

వాడు తొట్టిలోంచి ఇంకో చేపని పట్టుకోబోయాడు. అది జారిపోయింది. రెండోసారి ప్రయత్నించలేదు. నీళ్ళలో చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. నవంబరు నీళ్ళు ఎంత చల్లగా ఉంటాయో నాకు తెలుసు.

నా ఫోన్‌లో రోసాండా నంబరు ఉంది. నా భార్య లెపొసావ జబ్బు పడ్డప్పటిది. తీసెయ్యలేదు. ఎందుకు తీసెయ్యలేదో నాకు తెలియదు.

కొట్టం వెనక్కి వెళ్ళి ఫోన్ చేశాను.

*

మా జిల్లాలో ఆ యంత్రం ముందు కూర్చునేది ఆమె ఒక్కతే. కడుపుతో ఉన్నవాళ్ళనీ, కడుపులో ఏదో పెరుగుతున్న ముసలివాళ్ళనీ అదే గదిలో, అదే మంచం మీద పడుకోబెట్టి చూస్తుంది.

"వితోమిర్‌ని మాట్లాడుతున్నా."

"ఏ వితోమిర్ గారు?"

"లెపొసావ మొగుణ్ణి. ఇసిదోరా మామని."

అవతల కుర్చీ కిర్రుమంది.

"చెప్పండి."

"నువ్వు చెప్పాల్సింది చెప్పలేదు కనక నేను చెప్తున్నా. ఆ పిల్ల రేపు బెల్‌గ్రేడ్ పోనంటోంది. నీ యంత్రం చెడిందని అనుకుంటోంది."

"నా యంత్రమా? ఎవరన్నారు?"

"దాని మొగుడు. వాడికి ఇంకేం చెప్పాలో తెలీలేదు. నీ పని వాడి నెత్తిన పెట్టావు. మగాళ్ళకి చెప్పి ఆడవాళ్ళని బట్టలు సర్దుకోమంటావు. ఇరవై ఏళ్ళుగా ఇదే నీ పద్ధతి."

"ఇరవై ఆరు," అంది రోసాండా. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "మొదట్లో ఆడవాళ్ళకే చెప్పేదాన్ని. తెల్లారేసరికి ఎవరో ఒక అత్తగారు తలుపు ముందు నిలబడేది. మా పిల్లని బెదరగొట్టావు, ఏదైనా అయితే నీ పాపమే అని. మామగార్లు వచ్చేవారు, అన్నలు వచ్చేవారు. మీరూ వచ్చారు వితోమిర్ గారూ. మీరు అరవలేదు. టోపీ చేత్తో పట్టుకుని నిలబడి, లెపొసావకి చెప్పొద్దని బతిమాలారు."

"అది వేరు."

"ఎలా వేరు?"

లెపొసావకి కాలేయంలో గడ్డలు కనిపించాయి. నేను ఇంటికి వచ్చి పిత్తాశయంలో రాళ్ళన్నాను. ఆమె సరే అంది. పదకొండు వారాల్లో పోయింది. ఏమీ తెలియకుండా, భయపడకుండా పోయింది. ఈ రెండేళ్ళూ ఆ ఒక్క మాట పట్టుకునే పడుకుంటున్నాను, లేస్తున్నాను.

"ఆవిడ మళ్ళీ వచ్చింది," అంది రోసాండా.

"ఎవరు?"

"లెపొసావ. మీకు తెలీదు. సంత రోజు. మిరపకాయలమ్మి ఖాళీ బుట్టతో వచ్చి, వరసలో కూర్చుంది అందరితోపాటు. లోపలికొచ్చి, నాకు రాళ్ళు కావు కదా డాక్టరమ్మా అంది. ఎదురుగా కూర్చుని అడిగిన మనిషికి అబద్ధం చెప్పలేకపోయాను. ఎన్నాళ్ళుందని అడిగింది. చెప్పాను. లేచి బుట్ట తీసుకుంది. మా ఆయనకి నాకు తెలుసని చెప్పకండి, తట్టుకోలేడు అంది."

కొట్టం గోడకి వీపు ఆనించాను.

ఆ శరదృతువులో లెపొసావ మిరపకాయలు కాల్చి జాడీలకి జాడీలు నింపింది. ఇన్నెందుకే, ఇద్దరమే కదా అన్నాను. చలికాలం పెద్దది అంది. వసంతంలో కంచె పక్కన కొత్త రేగు మొక్కలు వేద్దామన్నాను, ఆమెను నవ్విద్దామని. వేద్దాం, నువ్వు గుంతలు తవ్వు అంది. తవ్వాను. ఒకే బల్ల దగ్గర, ఒకే గిన్నెలోంచి సూప్ వడ్డించుకుంటూ, ఒకరికొకరం అబద్ధమాడుకున్నాం. నేను ఆమె కోసం. ఆమె నా కోసం. ఒక్కరోజైనా ఒకరి ముందు ఒకరం ఏడవలేదు.

"ఇదెందుకు చెప్తున్నావు ఇప్పుడు?"

"నాలుగింటిలోగా మీ కోడలికి ఎవరో ఒకరు చెప్పాలి కాబట్టి. నేను ఫోన్లో చెప్పను, అది తప్పు. సోమవారమే మొహం మీద చెప్పాల్సింది. నా చేతగానితనం. అది ఒప్పుకుంటున్నాను. ప్రొఫెసర్‌కి నేను చేస్తాను ఫోన్. ఆయన ఈ జిల్లావాడు కాదు. తల్లి కళ్ళలోకి చూసి చెప్తాడు, ఎవరడ్డమొచ్చినా. తెలియకుండా అక్కడికి పంపితే ఆ పిల్ల ఆ మంచం మీద కూలిపోతుంది."

ఫోన్ పెట్టేశాను. ధన్యవాదాలు చెప్పలేదు. తప్పు ఒప్పుకున్నంత మాత్రాన తప్పు పోదు.

మూడు దాటి పది నిమిషాలు.

*

"అక్కా, కాసేపు బయటికి పో."

"పిండి పొంగుతోంది. ఎక్కడికి పోను?"

"పొంగనీ. పో."

స్తానా నా మొహం చూసింది. చేతులకి పిండి అలాగే ఉండగా గుమ్మం దాటుతూ, "ఈ ఇంట్లో మగాళ్ళు నోరు తెరవడానికి ముందర ఆడవాళ్ళని బయటికి పంపాలి," అని గోడకి చెప్పి వెళ్ళింది.

నేను ఇసిదోరా ఎదురుగా కూర్చున్నాను. ఆ పిల్ల ఏరడం ఆపలేదు. ఏరిన గోధుమల్నే మళ్ళీ ఏరుతోంది.

"యంత్రం సంగతి," అన్నాను.

"చెప్పకండి నాన్నా."

"చెప్పాలి."

"నాకు తెలుసు చెడలేదని."

బయట తొట్టిలో చేప ఒకటి తోక కొట్టింది. ఆ చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది.

"ఎప్పటినుంచి?"

"అక్కడే. మంచం మీదే." వేళ్ళు గోధుమల్లో ఆగాయి. "మొదట బాగా మాట్లాడింది. ఇదిగో ముక్కు, ఇదిగో వేళ్ళు, వేలు నోట్లో పెట్టుకుంది చూడు, బద్ధకం మనిషి అంది. ఆడపిల్ల అంది. మీకెవరికీ చెప్పలేదు. రేపు రొట్టె కోశాక అందరి ముందూ చెబుదామనుకున్నా. తర్వాత బిడ్డ గుండె చప్పుడు నాకు వినిపించేలా పెట్టింది. కాసేపటికి దాన్ని ఆపేసింది. మాట్లాడ్డం ఆపేసింది. తెర తన వైపు తిప్పుకుంది. ఒకేచోట నొక్కుతోంది, నొక్కుతోంది. ఎంతసేపో. నా కడుపు మీద జెల్ ఆరిపోయి బిగుసుకుంది. ఏమైందండీ అన్నా. బట్టలు సర్దుకోమ్మా అంది."

"అంత మాత్రాన..."

"కాఫీ తీసుకోలేదు నాన్నా."

నాకు అర్థం కాలేదు.

"మీరు కొనిచ్చిన కాఫీ పొట్లం. వెళ్ళేటప్పుడు బల్ల మీద పెట్టా, అందరూ పెట్టినట్టే. ఎప్పుడూ సొరుగులోకి తోసేసేది. ఆ రోజు తీసి నా సంచిలో మళ్ళీ పెట్టింది. నువ్వే తాగమ్మా అంది. మంచి వార్త చెప్పే డాక్టరు కాఫీ వెనక్కివ్వదు." నా వైపు మొదటిసారి చూసింది. "బయటికొచ్చేసరికి మీ అబ్బాయి గోడ వైపు తిరిగి ఉన్నాడు. యంత్రం చెడిందన్నాడు. బస్సులు బాగుచేసేవాడికి అంతకంటే మంచి అబద్ధం ఎక్కడినుంచి వస్తుంది? పాపం అనిపించింది. అలాగే అన్నా. రెండ్రోజులు పోయేసరికి నాకూ నిజమే అనిపించింది. చెడిందేమో. యంత్రాలు చెడతాయిగా. రేపు అక్కడికి వెళ్తే యంత్రం బాగుంటుంది. వెళ్ళకపోతే చెడ్డట్టే ఉంటుంది. అందుకే ఫోన్ చేశా. స్లావా అన్నది సాకు."

నాకు అప్పుడు తెలిసింది ఆ పిల్ల ఎంత భయపడుతోందో. నేను మూడు రోజులుగా గోధుమలు ఏరే అమ్మాయిని చూశాను. ఏరిన గోధుమల్నే ఎందుకు మళ్ళీ ఏరుతోందని అడగలేదు.

చెప్పాను. కవాటం, అది మూసుకుపోవడం, ఆస్ట్రియా, సూది. బోష్కో నాకు చెప్పిన మాటల్లోనే, ఒక్కటీ తగ్గించకుండా. నాకు అంతకంటే మెత్తటి మాటలు రావు. డిసెంబరు దాకా ఆగితే మూసుకుపోవచ్చని కూడా చెప్పాను.

ఇసిదోరా కడుపు మీద చెయ్యి వేసుకోలేదు. రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టుకుంది, బల్ల కదులుతోందన్నట్టు.

"చచ్చిపోతుందా?"

"తెలీదు."

"మీకు తెలిసే తెలీదంటున్నారా, తెలీక తెలీదంటున్నారా?"

"తెలీక."

"ప్రమాణం చెయ్యండి."

"రేపటి దేవుడి మీద."

ఆ పిల్ల నన్ను దొంగ నాణెం చూసినట్టు చూసింది. తర్వాత మొహం పక్కకి తిప్పుకుని, నోరు చేత్తో గట్టిగా మూసుకుంది. లోపల్నుంచి వచ్చిన చప్పుడు నేను ఇంతవరకూ విన్న చప్పుళ్ళలో దేనిలాగానూ లేదు. లేచి వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆ ఆలోచన తేలేలోపు ఆమె చేత్తో కళ్ళు తుడుచుకుంది.

"టైమెంతయింది?"

"మూడు ముప్పావు."

ఫోన్ తీసుకుంది. రింగు పోతోంది. బల్ల మీద పెట్టి, ఇద్దరికీ వినపడేలా నొక్కింది. ఏదో సంగీతం మోగుతోంది. బోష్కో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వాడి వెనక స్తానా.

"పొద్దున నేనే రద్దు చేశానండీ," అంది ఇసిదోరా. "రేపటిది. నాకు మళ్ళీ కావాలి."

"ఆ టైము ఇంకొకరికి ఇచ్చేశామమ్మా," అంది అవతలి గొంతు.

ఇసిదోరా రెండు పెదాలూ లోపలికి మడిచింది.

"ఉండండి. మీ పేరేమన్నారు? మీ డాక్టరు ఇప్పుడే ప్రొఫెసర్ గారితో మాట్లాడారట, ఇక్కడ రాసుంది. ఏడున్నరకి రండి, అందరికంటే ముందు. ఆలస్యమైతే కుదరదు. లోపలికి ఒక్కరినే రానిస్తారు. ఎవరొస్తున్నారో చెప్తే రాసుకుంటా."

ఇసిదోరా గుమ్మం వైపు చూసింది. బోష్కో చేతులకి పొలుసులు ఎండి తెల్లగా మెరుస్తున్నాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా మామగారు," అంది.

ఫోన్ పెట్టేసింది.

*

మొదట మాట్లాడింది స్తానా.

"రేపు ఫాదర్ పదింటికొస్తాడు. రొట్టె ఎవరు కోస్తారు?"

"బోష్కో."

"తండ్రి బతికుండగా కొడుకు స్లావా రొట్టె కోస్తాడా? ఊరంతా నువ్వు పోయావనుకుంటారు రా."

"అనుకోనీ."

"అనుకోనీ అట. మన నాన్న జ్వరంతో నిలబడలేకపోతే ఇద్దరు పట్టుకుని నిలబెట్టి కోయించారు."

"అక్కా, నీ రొట్టె పొంగింది. చూసుకో."

బోష్కో లోపలికి వచ్చాడు. నేలంతా నీళ్ళు కారుస్తూ వచ్చాడు. పెళ్ళాం ముందు ఆగాడు.

"అది నా బిడ్డ, ఇసా."

"అవును."

"నేనెందుకు రాకూడదు?"

"ఆ ప్రొఫెసర్ ఏదో అంటాడు. నాకు చెవులు పనిచెయ్యకపోవచ్చు. బయటికొచ్చాక ఏమన్నాడని అడుగుతా. నువ్వు చెప్పేది నిజమో కాదో నాకెలా తెలుస్తుంది?"

"నిన్ను కాపాడదామని చెప్పాను."

"నాకు తెలుసు. అందుకే మూడు రోజులు నీకోసం నమ్మినట్టు నటించా. రోజంతా నటించి, నువ్వు నిద్రపోయాక నటించడం మానేదాన్ని. ఇంక నా వల్ల కాదు బోష్కో."

వాడు తల దించుకున్నాడు. తిరిగి ఎత్తినప్పుడు చూసింది పెళ్ళాన్ని కాదు, నన్ను.

"ఈయన నిజం చెప్తాడనా?" అన్నాడు. "ఈయన అమ్మకి ఏం చెప్పాడో అడుగు. రాళ్ళన్నాడు. చివరి రోజు దాకా రాళ్ళే అన్నాడు. నన్నూ అనమన్నాడు. నేను అన్నాను. అబద్ధం ఎలా చెప్పాలో నాకు నేర్పింది ఈయనే. అమ్మ ఏమీ తెలియకుండా పోయింది. ఒక్క మాట చెప్పుకోకుండా పోయింది."

స్తానా పిండి చేతుల్తోనే శిలువ గీసుకుంది.

వాడికి ఒక్క మాట చెబితే చాలు. మీ అమ్మకి తెలుసురా అని. సంత రోజు ఖాళీ బుట్టతో వెళ్ళి తెలుసుకొచ్చిందని. ఆ మాట నాలుక మీదికి వచ్చింది. చెబితే వాడి బరువు కొంత దిగేది. కానీ వాడు తర్వాతది అడుగుతాడు. ఆమెకి తెలుసని నీకెప్పుడు తెలిసింది, మరి ఆ పదకొండు వారాలూ మీరేం మాట్లాడుకున్నారు అని. ఆ బల్ల దగ్గరికి నేను మళ్ళీ వెళ్ళి కూర్చోవాలి. ఈసారి ఆమె మొహంలోకి చూస్తూ.

"మీ అమ్మ మాట ఎత్తకు," అన్నాను.

"ఎందుకు ఎత్తకూడదు?"

"నేను చెప్పను కనక. ఇవాళ చెప్పను, రేపు చెప్పను. చచ్చేముందు కూడా చెప్పను."

వాడు ఒక నవ్వు నవ్వాడు. వాళ్ళమ్మ నవ్వు అది. పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఇసిదోరా ఫోన్‌ని బోర్లా తిప్పి పెట్టింది. చాలా మెల్లిగా అడిగింది.

"నాన్నా, రేపు ఆ గదిలోంచి బయటికొచ్చాక కూడా మీరు ఇలాగే చెప్పనంటారా?"

నేను లేచి కారు తాళాలు వెతకడానికి వెళ్ళాను. తప్పు రోసాండాదే అని మొదట్లోనే చెప్పాను, ఆ మాట మీదే ఉన్నాను. లెపొసావ సంగతి ఇక్కడ ఒక్కసారి రాశాను. ఇక ఎవరడిగినా నా నోటి నుంచి రాదు.